పొద్దున్నే స్టీరింగ్ బండలా బిగుసుకుంటోంది: 38 వేలు పెట్టి కాలమ్ మార్చాలా?

మీ ప్రశ్న మళ్లీ ఒకసారి చెప్పుకుందాం. మీది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు. పది రోజులుగా పొద్దున్నే బండి తీసి గేటు దాటించేటప్పుడు స్టీరింగ్ బండలా బిగుసుకుంటోంది. మీటర్ల దగ్గర స్టీరింగ్ చక్రం బొమ్మ, పక్కన ఆశ్చర్యార్థకం గుర్తుతో పసుపు లైటు వెలుగుతోంది. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే లైటు ఆరిపోయి అంతా మామూలైపోతోంది. షోరూమ్‌లో స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే కడ్డీ, దాని సామానుతో సహా) మొత్తం మార్చాలి, 38 వేలవుతుంది అన్నారు. మీ వీధి మెకానిక్ పవర్ స్టీరింగ్ ఆయిల్ మారిస్తే చాలన్నాడు. ఎవరి మాట వినాలి, ఈలోగా బండి నడపొచ్చా అని అడిగారు.

ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి. మీరు చెప్పిన లక్షణాలకు నేనైతే ముందు బ్యాటరీ, దాని టెర్మినళ్లు, బ్యాటరీ నెగెటివ్‌ని బండి బాడీకి కలిపే ఎర్త్ వైరు చూస్తాను. అవి బాగున్నాయని తేలాకే కాలమ్ జోలికి వెళ్తాను. ఇక ఆయిల్ సంగతి. ఆ లైటు, మీరు చెప్పిన వరస చూస్తే మీది కరెంటు మోటారుతో నడిచే పవర్ స్టీరింగ్. అందులో మార్చడానికి ఆయిలే ఉండదు. అనుమానంగా ఉంటే బానెట్ ఎత్తి చూడండి. స్టీరింగ్ బొమ్మ ఉన్న మూతతో చిన్న ఆయిల్ డబ్బా కనిపిస్తే హైడ్రాలిక్, అలాంటిదేమీ లేకపోతే ఎలక్ట్రిక్. బండి ఊళ్లో మెల్లగా నడుపుకోవచ్చు గానీ, సంగతి తేలేదాకా హైవే ఎక్కొద్దు, ఘాట్ రోడ్డు అసలే వద్దు. బరువైన స్టీరింగ్ తిరగక మానదు. కానీ మలుపు మధ్యలో ఉన్నట్టుండి బరువెక్కితే చెయ్యి తడబడుతుంది, చిక్కంతా అక్కడే.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 24 ఏళ్లుగా షెడ్డులో పని చేస్తున్నాను. మొదలుపెట్టిన రోజుల్లో మారుతి 800కి పవర్ స్టీరింగే లేదు, అయినా ఎవరూ ఫిర్యాదు చేసేవారు కాదు. బండి తేలిక, టైర్లు సన్నం. ఇప్పుడు బండ్లు బరువెక్కాయి, టైర్లు వెడల్పయ్యాయి, మన చేతులకేమో సుఖం అలవాటైంది. అందుకే సాయం ఒక్క నిమిషం ఆగినా స్టీరింగ్ జామ్ అయిందనే అనిపిస్తుంది. నిజంగా జామ్ అవడం చాలా అరుదు.

పొద్దున్నే ఎందుకొస్తోంది?

ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లో కాలమ్ మధ్యలో సన్నటి ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. మీరు చక్రం తిప్పగానే అది పిసరంత మెలి తిరుగుతుంది. ఎంత తిరిగింది, ఎటు తిరిగింది అనేది టార్క్ సెన్సర్ చదివి కంట్రోల్ యూనిట్ అనే చిన్న కంప్యూటర్‌కి చెబుతుంది. అది బండి వేగం కూడా చూసుకుని, మోటారుకి అంత కరెంటు పంపుతుంది. ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ ఒక చివరిదాకా తిప్పితే ఆ మోటారు పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. రాత్రి హెడ్‌లైట్లు వేసి, బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పి చూడండి, లైటు వెలుగు కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది. కారులో స్టార్టర్ మోటారు తర్వాత ఇంత కరెంటు తాగే సామాను పెద్దగా లేదు.

రాత్రంతా నిలబడి నీరసించిన బ్యాటరీతో పొద్దున్నే సెల్ఫ్ కొడితే వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది. వెంటనే మీరు గేటులోంచి తిప్పడానికి స్టీరింగ్ చివరిదాకా కోస్తారు. కంట్రోల్ యూనిట్‌కి కావలసిన వోల్టేజి అందదు. అది తప్పుడు సాయం చేయడం కంటే సాయం మానేయడం మేలనుకుని లైటు వేసి ఊరుకుంటుంది. అలా కట్టడం మంచిదే. సగం సగం సాయం చేసే స్టీరింగ్ అసలు సాయం లేని స్టీరింగ్ కంటే ప్రమాదం. మీరు ఆపి మళ్లీ స్టార్ట్ చేసేసరికి ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ కొంచెం ఛార్జి ఎక్కించి ఉంటుంది, యూనిట్ మళ్లీ పరీక్ష చేసుకుంటుంది, అన్నీ సరిగ్గా ఉన్నాయని పని మొదలుపెడుతుంది. లోపం కాలమ్‌దే అయితే ఇంత పద్ధతిగా పొద్దున్న ఒక్కసారే వచ్చి పోవడం తక్కువ. మధ్యాహ్నం ఎండలోనూ వస్తుంది, గతుకుల రోడ్డు మీదా వస్తుంది.

పోయిన ఏడాది గుడివాడ నుంచి ఒక మాస్టారు అచ్చం మీ ఫిర్యాదుతోనే వచ్చారు. చేతిలో కాలమ్ కొటేషన్ కాగితం. నేను ముందు మల్టీమీటర్ తీశాను. బండి ఆగి గంటైంది, బ్యాటరీ 12.1 వోల్టులు చూపింది. నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ 12.6 చూపాలి, 12.2 అంటేనే సగం కిందికి దిగినట్టు లెక్క. ఆయన్ని సెల్ఫ్ కొట్టమన్నాను, ముల్లు లాంటిది ఉంటే పడిపోయేది, డిజిటల్ కాబట్టి అంకెలు గబగబా దిగి 8.9 దగ్గర ఒక్క క్షణం నిలిచాయి. అది 9.6కి పైన ఉండాలి. పాజిటివ్ టెర్మినల్ మీద తెల్లటి పొడి పువ్వులా విచ్చుకుని ఉంది. అసలు సంగతి ఇంకా కింద ఉంది. బ్యాటరీ ట్రే తీస్తే, బాడీకి బిగించిన ఎర్త్ వైరు లగ్గు (వైరు చివరి రింగు) చిలుం పట్టి పచ్చగా ఉంది. వేలితో కదిపితే బోల్టు కింద వదులుగా ఆడుతోంది. ఎప్పుడో బ్యాటరీ మార్చినవాడు యాసిడ్ ఒలికిన చోటు కడగలేదు, మూడేళ్లలో అది తినేసింది.

లగ్గు కొత్తది వేశాం. బాడీ మీద పెయింటు గీకి తళతళలాడే ఇనుము కనిపించేదాకా రుద్దాం. టెర్మినళ్లకి వంటసోడా కలిపిన వేడినీళ్లు పోసి కడిగి, ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశాం. బ్యాటరీ నాలుగేళ్లది కాబట్టి అదీ మార్పించాను. మొత్తం కలిపి 6 వేల లోపు. ఆ లైటు మళ్లీ రాలేదు. కాలమ్ కొటేషన్ వెనకవైపే ఆయన నా ఫోన్ నంబరు రాసుకుని వెళ్లారు.

ఇలా ఒక్క కేసు చెప్పి అన్నీ ఇంతే అంటే అది కూడా మోసమే, కాబట్టి నేను బోల్తా పడ్డ కేసు కూడా చెబుతాను. ఇంకో బండికి ఇదే ధీమాతో బ్యాటరీ వేయించాను. వారానికే తిరిగొచ్చింది. వోల్టేజి నిక్షేపంలా ఉంది, లైటు మాత్రం వస్తోంది. ఈసారి స్కానర్ (కంట్రోల్ యూనిట్ దాచుకున్న లోపాల కోడ్లు చదివే యంత్రం) పెడితే టార్క్ సెన్సర్ కోడ్. మొదటి రోజే స్కానర్ పెట్టి ఉంటే తెలిసేది. పైగా బ్యాటరీ విప్పినప్పుడు పాత కోడ్ కూడా చెరిగిపోయింది, అంటే ఉన్న సాక్ష్యాన్ని నేనే తుడిచేశాను. బ్యాటరీ డబ్బులు ఆయనకి కాలమ్ బిల్లులో తగ్గించాల్సి వచ్చింది. అప్పట్నుంచి బ్యాటరీ విప్పక ముందే కోడ్ చదివి కాగితం మీద రాసుకోవడం మా షెడ్డులో రూలు.

మీరు ఇంట్లో చేసుకోగలిగినవి

మల్టీమీటర్ నాలుగైదు వందలకే దొరుకుతుంది. పొద్దున్నే బండి తాళం పెట్టకముందు బ్యాటరీ వోల్టేజి చూడండి. ఇంట్లో ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, ఎంతదాకా దిగిందో చూడండి. స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13కి తక్కువ ఉంటే ఆల్టర్నేటర్‌నో దాని బెల్టునో అనుమానించాలి. తర్వాత ఎర్త్ పరీక్ష. మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్ సీసపు మొగ్గ మీద పెట్టండి, క్లాంప్ మీద కాదు. ఎర్ర వైరు బాడీలో పెయింటు లేని బోల్టుకి తగిలించండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఒకరు స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పాలి. రీడింగ్ దాదాపు సున్నా ఉండాలి. 0.2, 0.3 వోల్టులు దాటి ఎగురుతుంటే ఎర్త్ సరిగ్గా లేదు. ఈ ఒక్క పరీక్ష చాలామంది మెకానిక్కులు కూడా చేయరు, ఎందుకంటే వైరు కంటికి బాగానే కనిపిస్తుంది.

ఫ్యూజు కూడా చూడండి. స్టీరింగ్ ఫ్యూజు బానెట్ కింద పెట్టెలో పెద్ద సైజులో ఉంటుంది, మూత మీద గుర్తు రాసి ఉంటుంది. అది కాలిపోతే సాయం పూర్తిగా పోతుంది, మీ బండిలోలా వచ్చి పోదు. కానీ దాని కాళ్ల దగ్గర వదులై నల్లబడితే వచ్చి పోతుంటుంది. కాలిన ఫ్యూజు బదులు వైరు ముక్క చుట్టే ఘనులు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి, అంత కరెంటు వెళ్లే చోట వైరు వేడెక్కితే డ్యాష్‌బోర్డే అంటుకుంటుంది.

ఇవన్నీ బాగున్నాయంటే స్కానర్ దగ్గరికి వెళ్లాలి. ఆన్‌లైన్‌లో దొరికే చౌక బ్లూటూత్ రీడర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్లే చదువుతాయి, స్టీరింగ్ యూనిట్‌తో మాట్లాడవు. స్టీరింగ్ కోడ్లు చదివే స్కానర్ ఉన్నచోటికే వెళ్లండి. షోరూమ్ వాళ్లని కూడా ఒకటే అడగండి: "ఏ కోడ్ వచ్చింది, ప్రింటు ఇస్తారా?" కోడ్ చూపకుండా కాలమ్ మార్చమంటే, డాక్టరు నాడి పట్టకుండానే ఆపరేషన్ డేటు ఇచ్చినట్టు. కోడ్ టార్క్ సెన్సర్‌దో మోటారుదో అయి, వోల్టేజి, కనెక్టర్లు అన్నీ సరిగ్గా ఉంటే వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. చాలా బండ్లలో సెన్సరు, మోటారు, కాలమ్ ఒకే ముక్కగా అమ్ముతారు కాబట్టి అంత రేటు అవుతుంది. దాంట్లో వాళ్ల తప్పు లేదు.

ఒక చిన్న గమనిక. స్టీరింగ్ లైటుతో పాటు స్పీడోమీటర్ ముల్లు కూడా అప్పుడప్పుడు సున్నాకి పడిపోతుంటే సమస్య స్టీరింగ్‌లో ఉండకపోవచ్చు. బండి ఎంత వేగంతో పోతోందో తెలియకపోతే ఎంత సాయం చేయాలో యూనిట్‌కి తెలియదు, అందుకని లైటు వేస్తుంది. స్పీడ్ సెన్సరో దాని వైరో మారిస్తే ఐదారు వందల నుంచి రెండు వేలలో తేలిపోతుంది. వైర్లంటే ఇంకోటి గుర్తొచ్చింది. చెట్ల కింద, సెల్లార్లలో పెట్టే బండ్లకి ఎలుకల బెడద. మా దగ్గరికి వచ్చే వైరింగ్ కేసుల్లో దీని వాటా తక్కువేం కాదు. బానెట్ ఎత్తగానే వేరుశనగ పొట్టో, కొబ్బరి పీచో కనిపిస్తే వైర్లన్నీ చేత్తో తడిమి చూడాల్సిందే.

సందు ఇరుకుగా ఉండి రోజూ నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ పోతూ బండి తిప్పుకునేవాళ్లకి ఇంకో అనుభవం ఉంటుంది. మొదట్లో తేలిగ్గా తిరిగి, కాసేపటికి స్టీరింగ్ బరువెక్కుతుంది, పావుగంట ఆగితే మళ్లీ సరవుతుంది. అది మోటారు వేడెక్కి సాయం తగ్గించుకోవడం. రిపేరు కాదు. బండి కొంచెం కదులుతుండగా తిప్పితే చాలు, నిలబెట్టి టైర్లని నేలకేసి రుద్దొద్దు.

కాలమ్ మార్చక తప్పదని తేలితే తుక్కు నుంచి సెకండ్‌హ్యాండ్ వేయించొచ్చా అని అడుగుతారు. వేయించొచ్చు, నేనూ వేశాను. కానీ పార్ట్ నంబరు అక్షరం కూడా తేడా లేకుండా కలవాలి, బిగించాక స్కానర్‌తో సెన్సర్ సెంటర్ చేయించాలి, అంటే స్టీరింగ్ నడిమి స్థానం ఏదో దానికి నేర్పించాలి. లేకపోతే స్టీరింగ్ ఒక పక్కకి తేలిగ్గా, ఇంకో పక్కకి బరువుగా ఉంటుంది, బండి దానంతటదే ఒక వైపు లాగుతుంది. వరదలో మునిగిన బండి కాలమ్ అయితే ఊరికే ఇచ్చినా తీసుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి బండ్లు నీళ్లలో ఉన్నాక, నెలల పాటు ఆ సామాన్లు తళతళా తుడిచి అమ్మకానికి తిరిగాయి. కనెక్టర్ ఊడదీసి పిన్నుల మొదట్లో చూడండి. పచ్చదనమో మట్టి గీతో కనిపిస్తే వదిలేయండి. ఇంకో మాట, చాలా బండ్లలో స్టీరింగ్ చక్రంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. బ్యాటరీ నెగెటివ్ విప్పి కొన్ని నిమిషాలు ఆగాకే చెయ్యి పెట్టాలి. ఇది ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని చేసే పని కాదు.

మీ మెకానిక్ చెప్పిన ఆయిల్ సంగతి, హైడ్రాలిక్ బండ్లవాళ్ల కోసం

ఆయన మాట పూర్తిగా తప్పు కాదు, మీ బండికి వర్తించదు, అంతే. బొలెరో, పాత స్కార్పియో, పాత ఇన్నోవా, ఇండికా లాంటివాటిలో ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు ఉంటుంది, అది ఆయిల్‌ని ఒత్తిడితో స్టీరింగ్ బాక్సులోకి తోస్తుంది. ఆ బండ్లు మాట్లాడే భాష వేరు. అవి ముందు లైటు వేయవు, శబ్దం చేస్తాయి.

స్టీరింగ్ తిప్పుతుంటే ఉయ్ఁ... అని మూలుగు వస్తే మొదట చూడాల్సింది ఆయిల్ లెవెల్. తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, డబ్బా మూత తీస్తే ఆయిల్ నురగలు నురగలుగా ఉంటుంది. చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేసి చివరిదాకా తిప్పగానే కీచుమని అరుపు వస్తే అది బెల్టు. వదులైనా, అంచులు మెరిసి గాజులా నునుపెక్కినా జారుతుంది. కొన్ని ఇంజిన్లలో పవర్ స్టీరింగ్, ఆల్టర్నేటర్, వాటర్ పంపు ఒకే బెల్టు మీద ఉంటాయి. దారిలో స్టీరింగ్ బరువెక్కి, అదే క్షణంలో బ్యాటరీ గుర్తు లైటు కూడా వెలిగిందంటే బెల్టు తెగినట్టే. అలాంటప్పుడు "ఊరు దగ్గరే కదా" అని నడిపితే స్టీరింగ్ సంగతి పక్కన పెట్టండి, వాటర్ పంపు ఆగి ఇంజిన్ వేడెక్కి హెడ్డు (ఇంజిన్ పై భాగం) పోతుంది.

ఆయిల్ దానంతటదే ఆవిరైపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి, పొద్దున ఎక్కడ మరక పడిందో చూడండి. ఎర్రగానో గోధుమ రంగులోనో చుక్కలుంటే ఇదే ఆయిల్. ఒత్తిడి పైపు చివర నొక్కి బిగించిన ఇనుప క్రింపు దగ్గర కారడం తరచూ చూస్తాం. స్టీరింగ్ బాక్సు రెండు చివర్లా ముడతల రబ్బరు బూట్లు ఉంటాయి, వాటిని చేత్తో నొక్కి చూడండి. లోపల తొణికినట్టుంటే సీళ్లు పోయాయి, కొన్ని వేల పని. బూటు చిరిగి ఉంటే ఇంకా పెద్ద పని వస్తోందని అర్థం. నీళ్లూ మట్టీ లోపలికి పోయి ర్యాక్ రాడ్డు (చక్రాలని పక్కకి తిప్పే కడ్డీ) తుప్పు పట్టాక, కొత్త సీలు వేసినా ఆ గరుకుకి నెలలోనే తెగిపోతుంది. మూడు వందల బూటు అప్పుడే మార్చి ఉంటే అయిపోయేది. ఇది నేను ట్యాక్సీ డ్రైవర్లకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టిన విషయం.

డబ్బాలో బ్రేక్ ఆయిల్ పోయొద్దు. నవ్వకండి, ఏడాదికి రెండు మూడు వస్తాయి. రెండు డబ్బాలూ బానెట్ కిందే దగ్గర దగ్గరగా ఉంటాయి, "ఆయిలే కదా" అని పోసేస్తారు. బ్రేక్ ఆయిల్‌కి స్టీరింగ్ సీళ్లు ఉబ్బి పాడవుతాయి. అటు నుంచి ఇటు, అంటే స్టీరింగ్ ఆయిల్ బ్రేకు డబ్బాలో పోస్తే ఇంకా ప్రాణాంతకం, బ్రేకు రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. పొరపాటున పోసి ఇంకా స్టార్ట్ చేయకపోతే అలాగే ఆపి, సిరంజితో లాగేసి, లైను కడిగించండి. ఏ ఆయిల్ పోయాలో మూత మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. చాలా బండ్లకి ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్ల ఎర్ర ఆయిల్ వాడతారు. అన్నిటికీ అదే కాదు, చదివి పోయండి.

ఆయిల్ మార్చాక గాలి తీయడం కూడా ఒక పద్ధతి. ముందు చక్రాలు నేలకి తగలకుండా జాకీ, స్టాండ్ల మీద లేపి, ఇంజిన్ ఆపి ఉంచే స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి నెమ్మదిగా పదిహేను ఇరవై సార్లు తిప్పాలి, మధ్యలో లెవెల్ పోసుకుంటూ ఉండాలి. బుడగలు ఆగాక అప్పుడు స్టార్ట్ చేయాలి. తొందరపడి ముందే స్టార్ట్ చేస్తే పంపు గాలిని గిలక్కొట్టి నురగ చేస్తుంది, ఆ నురగ తేరుకోవడానికి పూట పడుతుంది. ఈ బండ్లలో స్టీరింగ్‌ని చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుని ఉండకూడదు, రెండు మూడు సెకన్లకే వదిలేయాలి. పంపు తన పూర్తి ఒత్తిడితో గోడకి తలబాదుకుంటున్నట్టు, ఆయిల్ ఉడికిపోతుంది.

పవర్‌తో సంబంధం లేని బరువు

పవర్ స్టీరింగ్ పోయిందని తెచ్చే బండ్లలో సగానికి నేను మొదట టైర్లలో గాలి చూస్తాను. 32 పీఎస్‌ఐ ఉండాల్సిన చోట 18 ఉంటే ఏ మోటారూ కాపాడలేదు. అందం కోసం వెడల్పు టైర్లు వేయించుకున్నవాళ్లు కూడా ఇక్కడికే వస్తారు.

గాలి సరిగ్గా ఉన్నా బరువుగా ఉంటే ఇంకో పరీక్ష. ముందు చక్రాలు రెండూ గాలిలో లేపి, ఇంజిన్ ఆపి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ విడిపించి, చేత్తో తిప్పండి. ఇబ్బంది లేకుండా, రెండు వైపులా ఒకేలా తిరగాలి. గాలిలో కూడా బిగుసుగా, పట్టి పట్టి తిరుగుతుంటే పవర్ భాగాన్ని తిట్టి లాభం లేదు. ఎక్కడో ఇనుము ఇనుముని పట్టుకుంటోంది. షాకబ్జర్ పైన ఉండే మౌంట్ బేరింగో, కింది బాల్ జాయింటో, కాలమ్ కింద ఉండే స్టీరింగ్ జాయింటో తుప్పు పట్టి ఉంటుంది. మలుపు తిప్పాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాకపోవడం కూడా ఎక్కువగా వీటి లక్షణమే, లేదా అలైన్‌మెంట్‌ది.

ఇప్పుడు అసలు భయపడాల్సింది. మీరు బరువుకి కంగారు పడ్డారు, నాకైతే వదులు స్టీరింగ్ అంటేనే భయం. స్టీరింగ్ చక్రం రెండు వేళ్ల వెడల్పు తిప్పినా బండి పక్కకి తిరగకపోవడం, గతుకుల్లో చేతికి టకటకమని తగలడం, హైవే మీద బండి తేలుతున్నట్టు అటూ ఇటూ పోవడం. ఇవి టై రాడ్ ఎండ్లూ (స్టీరింగ్‌ని ముందు చక్రాలకి కలిపే కీళ్లు) బాల్ జాయింట్లూ అరిగిన గుర్తులు. బరువైన స్టీరింగ్ చేతులకి నొప్పి పుట్టిస్తుంది, ఎండు ఊడితే మాత్రం ముందు చక్రం తన దారి తను చూసుకుంటుంది. ఒకసారి నూజివీడు వైపు నుంచి మామిడికాయల లోడుతో వచ్చిన వ్యాను మా షెడ్డు ముందు మలుపు తిరుగుతూ, గంటకి పది కిలోమీటర్ల వేగంలో, ఎండు ఊడి ఎడమ చక్రం అడ్డం తిరిగి నిలబడిపోయింది. డ్రైవరు దిగి చక్రం చూసి, అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయాడు. అంతకు అరగంట ముందు హైవే మీద డెబ్భైలో వచ్చాడట. నెల రోజులుగా టకటక వినిపిస్తోందని, లోడు దించాక చూపిద్దామనుకున్నానని చెప్పాడు. ఈ లక్షణాలుంటే బండి అక్కడే ఆపి మెకానిక్‌ని పిలిపించండి.

నడుస్తుండగా సాయం పోతే

గాబరాలో తాళం ఆపేయకండి. తాళం లాగేస్తే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది. రెండు చేతులతో చక్రం చెరో పక్క గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే హజార్డ్ లైట్లు వేసి, ఎడమ వైపుకి నెమ్మదిగా తీయండి. బండి కదులుతున్నంతసేపు స్టీరింగ్ తిరుగుతుంది. వేగం తగ్గేకొద్దీ బరువు పెరుగుతుంది కాబట్టి, ఎక్కడ ఆపాలో ముందే చూసుకుని కొంచెం వేగం ఉండగానే అటు మళ్లించండి.

ఘాట్ వద్దని మొదట్లో అన్నది ఇందుకే. శ్రీశైలం ఘాట్‌లో దిగుతూ పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి దించేవాళ్లని నేను చూశాను. ఇంజిన్ ఆగితే హైడ్రాలిక్ సాయం అక్కడికక్కడే పోతుంది, ఎలక్ట్రిక్‌లోనూ చాలా బండ్లలో పోతుంది. బ్రేకుకి సాయం చేసే వ్యాక్యూమ్ కూడా రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. హెయిర్‌పిన్ మలుపులో స్టీరింగ్, బ్రేకు రెండూ ఒకేసారి రాయిలా మారితే ఎంత బలవంతుడైనా ఏం చేస్తాడు? మిగిలేది పదో పరకో పెట్రోలు, అంతే.

ఇక మీ బండికి రేపటి పని. పొద్దున్నే తాళం పెట్టకముందు బ్యాటరీ వోల్టేజి, సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంతదాకా దిగింది, స్టార్ట్ అయ్యాక ఎంత ఉంది, ఈ మూడు అంకెలు రాసుకోండి. బ్యాటరీ మీద తయారీ నెల ముద్ర ఉంటుంది, అదీ చూడండి. షోరూమ్‌లో కోడ్ ఏం వచ్చిందో ఫోన్ చేసి కనుక్కోండి. ఈ వివరాలన్నీ ఇక్కడ పెడితే ఎర్త్ దగ్గర ఆపాలో, కాలమ్ దాకా వెళ్లాలో చెబుతాను. అప్పటిదాకా గేటులోంచి బండి తీసేటప్పుడు స్టార్ట్ చేయగానే స్టీరింగ్ కోయకండి, ఒక్క నిమిషం ఇంజిన్ తిరగనిచ్చి, బండి కదులుతుండగా తిప్పండి.